పిడుగు లెక్కలన్నీ ఒక్క గుట్ట మీదికెళ్లి వచ్చినయేనా? కార్ల్ బెర్గర్ రీసెర్చ్ మీద ముచ్చట

ఓరుగల్లు_వోల్ట్ (కాజీపేట)

అందరికీ నమస్తే. ఎలక్ట్రికల్ బీటెక్ థర్డ్ ఇయర్ చదువుతున్న. సెమినార్‌కు లైట్నింగ్ ప్రొటెక్షన్ టాపిక్ వచ్చింది, నాలుగు స్లైడ్లు కొట్టి మమ అనిపిద్దామనుకున్న గని ఇగ దీంట్ల పడి బయటికొస్తలేను. ఏ పుస్తకం తెరిచినా పిడుగు కరెంటు ఎంత అన్న కాడ ఒకటే టేబుల్, కింద ఒకటే పేరు, కార్ల్ బెర్గర్.

ఎవరీ సార్ అని తవ్వితె స్విట్జర్లాండ్ ఆయన, జ్యూరిక్‌ల ఈటీహెచ్ అనే టెక్నికల్ యూనివర్సిటీల ప్రొఫెసర్, హై వోల్టేజ్ ఇంజనీరు. లుగానో ఊరి పక్కన సరస్సును ఆనుకోని మోంటే సాన్ సాల్వతోరే అని ఒక గుట్ట ఉన్నది, సముద్రమట్టానికి 900 మీటర్ల పైచిలుకు. 1943ల దాని మీద టవర్ నిలబెట్టిన్రు, 1950ల పక్క శిఖరం మీద ఇంకోటి, ఇగ 1970ల మొదట్ల దాంక పిడుగు ఎప్పుడు పడ్తదా అని కాసుకోని కూసున్నరు. దునియా మొత్తం యుద్ధంల ఉన్నప్పుడు మొదలువెట్టిన పని ఇది.

టవర్ కొసకు షంట్ పెట్టిన్రు, అంటె కరెంటు పోయే తొవ్వల చిన్న రెసిస్టెన్స్. పిడుగు పడంగనే దాని మీద వచ్చే వోల్టేజ్ కేబుల్‌ల కిందికి దిగి ఆసిలోగ్రాఫ్ తెర మీద గీత గీస్తది, ఆ గీతను ఫిల్మ్ మీద పట్టుడు. మైక్రోసెకండ్లల్ల అయిపోయే పనిని కంప్యూటర్ లేని కాలంల గట్ల పట్టుకున్నరంటె నాకైతె మస్తు అనిపించింది. ఆఖరికి 1975ల బెర్గర్, ఆండర్సన్, క్రోనింగర్ ముగ్గురు కలిసి ఎలెక్ట్రా అనే పత్రికల మొత్తం లెక్క ఒక్క కాడ పెట్టిన్రు. మబ్బుల నుంచి కిందికి దిగిన నెగెటివ్ పిడుగులల్ల (అంటె నెగెటివ్ చార్జి తెచ్చేటియి) మొదటి స్ట్రోకులు, అంటె ఒక్కో పిడుగుల మొదటి దెబ్బలు, 101. వాటిల సగం 30 కిలో ఆంపియర్లు దాటినయి. నూటికి 95 స్ట్రోకులు 14 కేఏ (కిలో ఆంపియర్లు) పైనే, 80 కేఏ దాటినయి మాత్రం నూటికి 5. అదే తొవ్వల మల్ల మల్ల దిగే తర్వాతి స్ట్రోకులు 135 దొరికినయి, వాటి మీడియన్, అంటె నట్టనడిమి విలువ, 12 కేఏ.

నా డౌట్ ఏందంటె, ఆయన కష్టం సరే, గని ఆల్ప్స్ కొండల కాడి లెక్క తీసుకొచ్చి ఏప్రిల్‌ల పొద్దంత ఎండ కొట్టి సాయంత్రం గాలిదుమారం లేసే మన వరంగల్‌ల ఎట్ల పెడ్తరు? తెలిసినోళ్ళు జర చెప్పున్రి.

పరకాల_11కేవీ

తమ్మీ మంచి ముచ్చట తీసినవ్. నేను లైన్ల మీద పనిచేసేటోన్ని. మాకు ఎండకాలం ఆఖర్ల, వానకాలం మొదట్ల కంటి మీద కునుకుండది. ఒక్క ఉరుము ఉరిమిందంటె ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైన్) ట్రిప్, ఫోన్లు షురూ. ఛార్జ్ చేస్తె నిలవడది, ఎర్త్ ఫాల్ట్, అంటె కరెంటు నేలకు పోతున్నట్టు, చూపెడ్తది, ఇగ లైన్ మొత్తం తిరుగుడే. కొమ్మ ఇరిగి పడితె కండ్లకు కనబడ్తది గదా, పిడుగుకు పిన్ ఇన్సులేటర్ (పోల్ మీద వైరును మోసే పింగాణి) పంక్చర్ అయితె మాత్రం మా పని ఖతం. కింద నిలబడి చూస్తె నిన్న బిగించినట్టే ఉంటది, ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటె సప్లై బంద్ చేయించే పర్మిషన్) తీసుకోని పోల్ ఎక్కి చేత్తోని తిప్పి చూస్తె గప్పుడు గోరంత నల్లమచ్చ, దాని పొంటి దారమంత చీలిక. కొన్నిసార్లు రాత్రిపూట ఆ చీలిక కాడ సన్నగ నిప్పు మెరుస్తది, గట్ల దొరకవట్టుకుంటం.

నా డౌట్ కూడ అడుగుత. మా 11 కేవీ (కిలోవోల్టుల) లైన్ ఎల్‌ఏల (లైట్నింగ్ అరెస్టర్లు, పిడుగు దెబ్బను నేలకు పంపేటియి) మీద 9 కేవీ, 5 కేఏ అని రాసుంటది. నువ్వేమో సగం పిడుగులు 30 దాటుతయంటున్నవ్. మరి 5 కేఏ ఎల్‌ఏ ఎందుకు బిగిస్తున్నం, ఉత్తగనా?

జనగామ_ఫిజిక్స్

పరకాల సోదరుడు అడిగింది అసలైన ప్రశ్న. ఆ 5 కేఏ అనేది ఎల్‌ఏ తట్టుకునే ఆఖరి హద్దు కాదండి. అది నామినల్ డిశ్చార్జ్ కరెంట్, అంటే ఏ తరగతి ఎల్‌ఏ అని చెప్పడానికి 8/20 మైక్రోసెకండ్ల ఇంపల్స్‌తో (8లో శిఖరానికి ఎక్కి 20కి సగానికి దిగే కరెంటు దెబ్బ) పెట్టే కొలత. అదే 5 కేఏ ఎల్‌ఏని ఇంకా పొట్టి ఇంపల్స్‌తో 65 కేఏ దాకా కూడా టెస్ట్ చేస్తారు, 10 కేఏ ఎల్‌ఏ అయితే 100 దాకా.

కానీ పిడుగు నేరుగా కండక్టర్ మీదే పడితే కథ వేరు. బెర్గర్ మీడియన్ తీసుకోండి, 30 కేఏ. పడ్డ చోట రెండు దిక్కులా చీలి 15, 15 పోతుంది. ఓవర్‌హెడ్ లైన్ సర్జ్ ఇంపెడెన్స్ (ఉన్నట్టుండి వచ్చే కరెంటు దెబ్బకి లైన్ చూపే అడ్డు) సుమారు 400 ఓమ్‌లు. గుణిస్తే 60 లక్షల వోల్టులు. మన 11 కేవీ పరికరాల బీఐఎల్, అంటే పిడుగు దెబ్బకి తట్టుకునే వోల్టేజ్ హద్దు, 75 కేవీ, అంటే 75 వేల వోల్టులు. ఇంకేముంది, పడ్డ దగ్గర ఇన్సులేటర్ల మీదుగా కరెంటు దూకి ఫ్లాష్‌ఓవర్ అవ్వాల్సిందే, ఎల్‌ఏ ఎంత మంచిదైనా లైన్ పొడుగునా అన్నిటినీ కాపాడలేదు. ఎల్‌ఏలు బాగా పనికొచ్చేది పక్క పొలంలోనో చెట్టు మీదో పడ్డ పిడుగు వల్ల లైన్‌లో పుట్టే ఇండ్యూస్డ్ సర్జ్‌కి, తక్కువ ఎత్తు లైన్లకి వచ్చే సర్జుల్లో అవే ఎక్కువ. అందుకే 5 కేఏ బిగించడంలో అన్యాయమేమీ లేదు, కింద ఎర్త్ సరిగ్గా ఉంటే.

పరకాల_11కేవీ

ఆ ఆఖరి మాట కాడనే ఉన్నది సార్ తిప్పలంత. కొన్ని డీటీఆర్‌ల (ట్రాన్స్‌ఫార్మర్ల) కాడ ఎర్త్ వైర్ కోసుకపోతున్నరు, ఎల్‌ఏ పైన ఉంటది, కిందికి పోయే తొవ్వ ఉండది.

కాకతీయ_తోరణం

ఆగున్రి ఆగున్రి. 101 పిడుగులా? మా ఊర్ల ఓడిపోయిన వార్డు మెంబర్‌కు కూడ అంతకన్న ఎక్కువ ఓట్లు పడ్డయ్. గీ 101 మీద దునియా మొత్తం స్టాండర్డ్ రాసుకున్నదా? 30 ఏండ్లు గుట్టెక్కి కూసుంటె వచ్చింది 101 అయితె నెలకు ఒక్కటి కూడ పడలే గదా, టవర్ తప్పు జాగల పెట్టినట్టున్నడు సారు 😀

మబ్బుల_పిల్ల (సొంతూరు హుజూరాబాద్, ఇప్పుడు పుణె)

తోరణం అన్నా నవ్వించినవ్ గని టవర్ జాగ మంచిదే. నేను మబ్బుల మీదనే రీసెర్చ్ చేస్తున్న కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్త, ఓపిక పట్టున్రి.

ఆ టవర్లను తాకిన పిడుగులు 101 కాదు, చాలా ఎక్కువ. గని వాటిల ఎక్కువ భాగం మబ్బుల నుంచి కిందికి దిగినయి కావు, టవర్ కొస నుంచే పైకి లేసినయి. అవును, పైకే. ఎత్తైన కట్టడం మీద విద్యుత్ క్షేత్రం బాగా పెరిగితె లీడర్, అంటె పిడుగుకు తొవ్వ తీసే మొదటి మెరుపు పాయ, అక్కడనే మొదలై మబ్బు దాంక ఎక్కుతది. దీన్ని మొదట మంచిగ పట్టింది 1930లల్ల న్యూయార్క్ ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ మీద, జీఈ కంపెనీ ఇంజనీరు మెక్‌ఎక్రాన్. బెర్గర్ చేసిన అసలు గొప్ప పని ఏందంటె వీటిని వేరు చేసుడు. కరెంటు గీత ఒక దిక్కు, కదిలే ఫిల్మ్ కెమెరా ఫోటో ఒక దిక్కు పెట్టుకోని, లీడర్ పైకి పోయిందా కిందికి దిగిందా, పాజిటివా నెగెటివా అని చూసి పిడుగులను నాలుగు రకాలు చేసిండు. ఆ నాలుగు రకాలే ఇప్పటికీ మేం వాడేది. మామూలు ఇల్లు, లైను, చెట్టు మీద పడేది కిందికి దిగే రకం కాబట్టి పైకి లేసినయన్ని పక్కకు పెట్టంగ మిగిలినయి ఆ 101. కొలిచిన దాంట్ల ఎక్కువ భాగం ఇది మన లెక్కకు రాదు అని తీసెయ్యాలంటె ఎంత నిజాయితీ ఉండాలె.

అనుమానపడాల్సిన కాడ పడాలె, అది 101 మీద కాదు, 26 మీద. పాజిటివ్ పిడుగులు ఆయనకు 26 మాత్రమే దొరికినయి. మీడియన్ 35 కేఏ, గని నూటికి 5 ఏకంగ 250 కేఏ దాటుతయని లెక్క. ఇప్పటి ఐఈసీ 62305 అనే అంతర్జాతీయ పిడుగు రక్షణ స్టాండర్డ్‌ల మొదటి (అన్నిటికన్న గట్టి) లెవెల్‌కు 200 కేఏ అని, 10/350 మైక్రోసెకండ్ల వేవ్ అని చూస్తం గదా, దాని వెనుక ఉన్నది ఈ పాజిటివ్ పిడుగులే. వాటిల కొన్ని నిజంగ కిందికి దిగినయేనా, పైకి లేసినయి కలిసినయా అని తర్వాతోళ్ళు అడిగిన్రు, అడుగుడు న్యాయమే.

ఇగ కాజీపేట తమ్ముడు, నీ ప్రశ్నకు జవాబు బ్రెజిల్‌ల ఉన్నది. బెలో హొరిజోంచె ఊరి దగ్గర మోరో దో కషింబో అని ఇంకో గుట్ట, దాని మీద 60 మీటర్ల మాస్ట్, 1985 సంది. విసాక్రో అనే ప్రొఫెసర్ టీమ్ 2004ల ఇచ్చిన లెక్క ప్రకారం అక్కడ మొదటి స్ట్రోక్ మీడియన్ 45 కేఏ, తర్వాతి స్ట్రోకులది 16. ఉష్ణమండలం కాబట్టి మనకు స్విట్జర్లాండ్ కన్న బ్రెజిలే దగ్గర. గని వాళ్ళ మొదటి స్ట్రోకులు 31, అంటె తోరణం అన్న వార్డు మెంబర్‌కు డిపాజిట్ కూడ రాదు.

ఓరుగల్లు_వోల్ట్

అక్కా థాంక్స్, బ్రెజిల్ సంగతి నా ప్రొఫెసర్‌కు చెప్తె ఖుష్ అయితడు. మరి 30కి బదులు 45 పెడితె మన డిజైన్లన్నీ తప్పయినట్టేనా?

మబ్బుల_పిల్ల

కావు తమ్ముడు. డిజైన్ మీడియన్‌కు చెయ్యరు, పెద్దదానికి చేస్తరు. మొదటి లెవెల్ 200, రెండోది 150, మిగిలిన రెండిటికి 100 కేఏ. 30 ఉన్నా 45 ఉన్నా దాని లోపలనే.

అసలు తంటా చిన్న పిడుగుతోని, వినెటందుకు వింతగ ఉంటది గని నిజం. పెద్ద పిడుగు దూరం నుంచే రాడ్‌ను (బిల్డింగ్ మీది పిడుగు కడ్డీని) పట్టుకుంటది, చిన్నది దగ్గరదాంక వచ్చి గాని ఏడ పడాల్నో తేల్చుకోదు, అందుకె రాడ్ పక్క నుంచి జారి స్లాబ్ అంచు మీద పడ్తది. రోలింగ్ స్పియర్ అంటరు చూడు, బిల్డింగ్ మీద ఒక ఊహా గోళం దొర్లిచ్చి అది ఎక్కడ తాకితె అక్కడ పిడుగు పడొచ్చనుడు, ఆ గోళం సైజు కరెంటును బట్టే. 3 కేఏ పిడుగుకు 20 మీటర్ల వ్యాసార్ధం, 16 కేఏకు 60 మీటర్లు. నీ సెమినార్‌ల గిది చెప్పు, క్లాస్ మొత్తం లేస్తది.

ఇంకోటి, మన దగ్గర మబ్బు తీరే వేరు. ఎండకాలంల సున్నా డిగ్రీలు దొరకాలంటె సుమారు 5 కిలోమీటర్లు పైకి పోవాలె, చార్జి వేరయ్యేది ఇంకా పైన, మైనస్ 10 నుంచి 20 డిగ్రీల కాడ, మంచు పలుకులు మెత్తటి వడగండ్లు గుద్దుకునే చోట. అంత ఎత్తుల ఉన్న చార్జి కిందికి దిగుడు కన్న మబ్బులనే మెరుసుడు ఎక్కువ. ఉష్ణమండలంల ఆ నిష్పత్తి ఎక్కువ ఉంటదని 1977లనే ప్రెంటిస్, మాకెరాస్ అనేటోళ్ళు లెక్క తీసిన్రు.

నర్సంపేట_మిర్చి

మీరంత కిలో ఆంపియర్లంటున్నరు, మంచిగనే ఉన్నది, చదువుతున్న. మా తిప్పలు కూడ వినున్రి. యాసంగి వడ్లు కోసి ఐకేపీ సెంటర్ల కుప్ప పోసి కాంటా ఎప్పుడైతదా అని కాసుకోని ఉంటం. సాయంత్రం నాలుగు కొట్టంగ పడమటి దిక్కు మబ్బు నల్లగైతది, గాలి లేస్తది, కప్పిన పట్టాలు లేసి పక్కోని కుప్ప మీద పడ్తయ్. ఇగ ఉరుకుడు. నాలుగు మూలల రాళ్ళు పెట్టాలె, నీళ్ళు కుప్ప కిందికి రాకుండ పారతోని చుట్టు కాల్వ తియ్యాలె. సరిగ్గ గప్పుడే నెత్తి మీద ఫెళ్ళుమంటది. నాలుగు నెలల పంట ఇడిసిపెట్టి లోపల కూసుందామంటె మనసొప్పది, బయట ఉంటె పాణం ఉండది.

ఇంకో మాట, మా పక్క ఊర్ల చింతచెట్టు కింద గొర్ల మంద ఉండంగ పిడుగు పడ్డది. చెట్టుకు బెత్తెడు బెరడు లేసింది, అంతే. గొర్లు మాత్రం మందల సగం పోయినయి. కాపరి ఆవలి గట్టు మీద ఉండి బతికిండు. చెట్టు మీద పడితె చెట్టు నిలబడ్డది, గొర్లెందుకు పోయినయ్?

జనగామ_ఫిజిక్స్

నర్సంపేట అన్నా, ఆ కరెంటు చెట్టులోంచి దిగి నేలలో నాలుగు దిక్కులా పరుచుకుంటుంది, గొర్రెల్ని చంపింది ఆ నేల కరెంటు. లెక్క కడదాం, క్లాసులో మా పిల్లలకి కట్టించేదే. నేల రెసిస్టివిటీ (కరెంటుకి నేల ఇచ్చే అడ్డు) 100 ఓమ్-మీటర్ అనుకోండి, పిడుగు బెర్గర్ గారి 30 కేఏ. చెట్టు మొదలు నుంచి 10 మీటర్ల దూరంలో ప్రతి మీటరుకీ సుమారు 4,800 వోల్టుల తేడా వస్తుంది. 5 మీటర్లకి జరిగితే దానికి నాలుగింతలు, 19 వేలు. ఆవు ముందు కాళ్ళకీ వెనక కాళ్ళకీ మధ్య మీటరున్నర ఉంటుంది, పైగా ఆ దారిలోనే గుండె. మనిషికి ఒక కాలు నుంచి ఇంకో కాలికి పోతుంది, గుండె దాకా తక్కువ పోతుంది కాబట్టి కొన్నిసార్లు కాళ్ళు చచ్చుబడి బతుకుతారు. గొర్రెలు చెట్టు మొదట్లో ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, అదింకా ఘోరం. మన దిక్కు రాతి గుట్టల దగ్గర, ఎండిన చల్క నేలల్లో రెసిస్టివిటీ 100 కాదు, చాలా ఎక్కువ, ఆ మేరకు వోల్టేజ్ కూడా పెరుగుతుంది.

కాళ్ళు రెండూ దగ్గర పెట్టుకుని కూర్చోమని చెప్పేది అందుకే. కానీ అది వేరే దారి లేనప్పుడు మాత్రమే, పక్కా బిల్డింగో తలుపులు మూసిన కారో దొరికితే అందులోకే పోవాలి. రేకుల షెడ్డు, కాంటా పందిరి లెక్కలోకి రావు.

మబ్బుల_పిల్ల

కాకా, మీరన్న నాలుగు గంటల ముచ్చటకు దామిని యాప్ ఉన్నది, మా పుణె ఐఐటీఎం (వాతావరణ పరిశోధన సంస్థ) వాళ్ళదే, తెలుగుల కూడ వస్తది. దేశమంతట పెట్టిన సెన్సర్లు పిడుగు పుట్టించే రేడియో తరంగాలను పట్టుకోని ఎక్కడ పడ్డదో చెప్తయి, మీకు 20, 40 కిలోమీటర్ల లోపల పడుతుంటె ఫోన్‌కు మెసేజ్. ముందుగాలనే పట్టాలు కట్టుకుంటె ఉరుకుడు ఉండదు. ఫోన్ లేకుంటె చెవులున్నయి, మెరుపు కనబడ్డంక ఉరుము వినబడేదాంక లెక్కపెట్టున్రి, మూడు సెకండ్లకు ఒక కిలోమీటర్. 30 లోపల వినబడ్డదంటె పది కిలోమీటర్ల లోపలనే ఉన్నది, లోపలికి పోవాలె, ఆఖరి ఉరుము తర్వాత అర్ధగంట దాంక బయటికి రావొద్దు. చాలామంది వాన తగ్గింది గదా అని బయటికొచ్చినంక పోతరు.

ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల సంస్థ) లెక్క ప్రకారం 2022 ఒక్క ఏడాదిల దేశంల పిడుగులకు పోయినోళ్ళు 2,887 మంది. తుఫానుకు వచ్చిన పేరు దీనికి రాదు, ఒక్కొక్కరుగ పోతరు కాబట్టి పేపర్ల జిల్లా పేజీ దాటది.

కాకతీయ_తోరణం

అర్జున ఫల్గుణ పార్థ కిరీటి చదువుకోవాలె కాకా, యాప్ దేనికి. సరే మజాక్ పక్కకు పెట్టు. నాకు నిజంగ ఒక డౌట్ ఉన్నది. మొన్నటిదాంక మా దిక్కు ఒక గ్యాంగ్ తిరిగింది, పిడుగు పడ్డ రాగి చెంబు ఉన్నదట, బియ్యం గింజలను గుంజుకుంటదట, కోట్లు పలుకుతదట. మా చుట్టం ఒకాయన అడ్వాన్స్ కూడ ఇచ్చిండు. పిడుగు పడితె లోహానికి గసొంటి పవర్ వస్తదా?

జనగామ_ఫిజిక్స్

పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం అన్న సామెతని వీళ్ళు బిజినెస్ చేసేశారు! ఏ పవరూ రాదండి. పిడుగు దారిలో వేడి 30 వేల కెల్విన్‌ల దాకా పోతుంది కానీ అది సెకండులో వెయ్యో వంతు కూడా ఉండదు, రాగి మీద పడితే చిన్న కరిగిన మచ్చ మిగులుతుంది, అంతే. ఇసుక నేలలో అయితే ఇసుక కరిగి గాజు గొట్టంలా గడ్డకడుతుంది, ఫుల్గరైట్ అంటారు. అదీ బియ్యాన్ని గుంజదు. ముందు మీ చుట్టాన్ని పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్ళండి.

పనిలో పనిగా, మొత్తం స్విట్జర్లాండే చేసిందనుకోకండి. జార్జ్ సింప్సన్ అని మన వాతావరణ శాఖలో పనిచేసిన ఇంగ్లీష్ శాస్త్రవేత్త సిమ్లాలో వాన చినుకుల మీది చార్జిని కొలిచి 1909లో పేపర్ వేశాడు. మబ్బు అడుగు పాజిటివ్ అన్నాడు ఆయన, కాదు నెగెటివ్ అన్నాడు సీటీఆర్ విల్సన్, ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. చివరికి తేలిందేమిటంటే అడుగున పెద్ద నెగెటివ్, దాని కింద చిన్న పాజిటివ్ గుంపు, ఇద్దరికీ తలో కొంత. ఉరుముల మబ్బులో వంద కోట్ల వోల్టులు ఉండొచ్చని అదే విల్సన్ 1920ల్లో అన్నాడు. దాన్ని కొలిచి చూపించింది మన ఊటీలో, టీఐఎఫ్ఆర్ (టాటా పరిశోధన సంస్థ) వాళ్ళ గ్రేప్స్-3 కాస్మిక్ కిరణాల కేంద్రం దగ్గర. 2014 డిసెంబర్ 1న మబ్బు మీదుగా పోయేటప్పుడు మ్యూఆన్ల (కాస్మిక్ కిరణాల వల్ల పైనుంచి పడే సూక్ష్మ కణాల) సంఖ్యలో వచ్చిన తేడాని బట్టి 130 కోట్ల వోల్టులని లెక్క తేల్చారు, 2019లో పేపర్ వచ్చింది. అదీ గుట్ట మీదే.

ఎర్తింగ్_అన్న (కరీంనగర్)

ఆలస్యంగ వచ్చిన. ఇదంత పాత కాలం ముచ్చట. నేను అపార్ట్‌మెంట్లకు, స్కూళ్ళకు అరెస్టర్లు పెడ్త. ఇప్పుడు ఈఎస్ఈ వచ్చింది, ఎర్లీ స్ట్రీమర్, అంటె మామూలు రాడ్ కన్న ముందే పిడుగును అందుకునే రాడ్. ఒక్క రాడ్ పెడితె వంద మీటర్ల రేడియస్ కవర్, గోళాలు దొర్లిచ్చే పనే లేదు. ఫ్రాన్స్ స్టాండర్డ్ కూడ ఉన్నది దానికి.

ఓరుగల్లు_వోల్ట్

అన్నా ఫ్రాన్స్ స్టాండర్డ్ ఉన్నది కరెక్టే, ఎన్ఎఫ్ సీ 17-102. గని ఐఈసీ 62305 దాన్ని ఒప్పుకోలే, మన ఐఎస్ స్టాండర్డ్ ఇప్పుడు ఆ ఐఈసీనే. నా సెమినార్‌ల ఒక స్లైడ్ దీని మీదనే ఉన్నది. ఫ్లోరిడా యూనివర్సిటీల మార్టిన్ యూమన్, రకోవ్ అని ఇద్దరు, లైట్నింగ్ ఫిజిక్స్‌ల పెద్ద తలకాయలు, 2002ల అమెరికన్ మెటియొరాలజికల్ సొసైటీ బులెటిన్‌ల రివ్యూ రాసిన్రు, ఈఎస్ఈ మామూలు రాడ్ కన్న ఎక్కువ చేస్తదనేటందుకు ఆధారం లేదని. న్యూమెక్సికోల చార్లెస్ మూర్ టీమ్ అయితె గుట్ట మీద మొన దేలిన రాడ్లు, మొండి రాడ్లు, ఈఎస్ఈలు పక్కపక్కన పెట్టి కొన్నేండ్లు చూసిన్రు. పిడుగులు పట్టింది మొండి కొస రాడ్లే, 12.7 నుంచి 25.4 మిల్లీమీటర్ల మందం ఉన్నయి. మొన దేలినయి పట్టలే, ఈఎస్ఈలు పట్టలే.

ఎర్తింగ్_అన్న (కరీంనగర్)

నేను పెట్టిన కాడ ఒక్క దగ్గర కూడ కంప్లైంట్ రాలే తమ్మీ.

మబ్బుల_పిల్ల

అన్నా బిల్డింగ్ మీద పిడుగు పడుడే అరుదు, ఏండ్లకేండ్లు పడకపోవచ్చు. రాడ్ పెట్టకున్నా కంప్లైంట్ రాదు. బెర్గర్ అన్నేండ్లు గుట్ట దిగకపోవుడు అందుకే.

పరకాల_11కేవీ

అక్క గట్టిగనే ఇచ్చింది 😀 ఎర్తింగ్ అన్నా కోపానికి రాకు, ఒక్కటి అడుగుత, నువ్వు రాడ్ పెట్టినంక కింద ఎర్త్ విలువ కొలుస్తవా?

ఎర్తింగ్_అన్న (కరీంనగర్)

కొలుస్త భాయ్. పిట్ తీసి బొగ్గు, ఉప్పు ఏసి నీళ్ళు పోసి టెస్టర్ పెట్టి రీడింగ్ రాసిస్త. దాంట్ల నాకు పేరున్నది.

నర్సంపేట_మిర్చి

తాటిచెట్లు పిడుగును గుంజుతయంటరు, మా గీత కార్మికులు చెప్తరు, ఉరుముతె చెట్టెక్కరు, మొవ్వ కాడ మండిన చెట్లు కండ్లార చూసినం. మరి పొలం గట్ల పొంటి తాళ్ళు పెడితె మాకు రక్షణ గాదా?

మబ్బుల_పిల్ల

బంగ్లాదేశ్‌ల గదే అనుకోని లక్షల మొక్కలు నాటిన్రు కాకా, 2016ల పిడుగును విపత్తు కింద ప్రకటించినంక. తాడి ఎదిగి పనికొచ్చేసరికి మనుమలు పెద్దగైతరు, అప్పటిదాంక ఎవరు కాపాడాలె? పైగ తాడి మీద పడ్డది కూడ కింద నేలలనే పరుచుకుంటది, సార్ చెప్పిన గొర్ల లెక్కనే. తాడి ఉంటె ఉండని, దాని కింద మాత్రం ఉండొద్దు. సెంటర్ల కాడ ఒక పక్కా రూమ్, దానికి రాడ్ ఉంటె అంతకన్న నయం.

నర్సంపేట_మిర్చి

రూమ్ ఉన్నది బిడ్డా, సెంటర్ పక్కనే బడి. బడి మీద రాడ్ కూడ ఉన్నది, ఎప్పటిదో. కిందికి దిగే రాగి పట్టీ మాత్రం సగం కాడికే ఉన్నది, మిగతాది ఎవడో కోసుకపోయిండు.

పరకాల_11కేవీ

రాడ్ ఉండి పట్టీ లేకుంటె రాడ్ లేకపోవుడే నయం కాకా. మీద పడ్డది ఎటు పోవాల్నో తెల్వక గోడల ఉన్న కరెంట్ వైర్లను పట్టుకుంటది, సువ్వలను పట్టుకుంటది. హెడ్‌మాస్టర్‌కు చెప్పి రాయించున్రి. రాగి పెడితె మల్ల పోతది, జీఐ (జింకు పూత ఇనుము) పట్టీ పెట్టుమనున్రి, మందం ఎక్కువ పెడితె పనికొస్తది.

ఓరుగల్లు_వోల్ట్

కాకా ఏ ఊరో నాకు పర్సనల్ మెసేజ్ పెట్టున్రి. మా ల్యాబ్‌ల నాలుగు టెర్మినళ్ళ ఎర్త్ టెస్టర్ ఉన్నది, సార్‌ను అడిగి ఆదివారం పట్టుకొస్త, ఇద్దరు దోస్తులు కూడ వస్తమంటున్నరు. నేల రెసిస్టివిటీ కూడ అక్కడనే కొలుద్దాం, జనగామ సార్ 100 అన్నది మన చల్కల ఎంతొస్తదో చూడాలె.

పరకాల_11కేవీ

ఆదివారం నాకు డ్యూటీ లేకుంటె నేనూ వస్త. ఒక్కటి యాద్ పెట్టుకో తమ్మీ, పిట్‌ల నీళ్ళు పోసి కొలవద్దు, పోస్తె రీడింగ్ మంచిగనే వస్తది. గిప్పుడు ఎండకు నేల ఎట్లున్నదో గట్లనే కొలువు, మొదటి పిడుగు పడేది ఎండిన నేల మీదనే. స్పైకులు దిగవు, సుత్తె పెద్దది తెచ్చుకోన్రి.

నర్సంపేట_మిర్చి

సుత్తె మా ఇంట్ల ఉన్నది. పొద్దుగాలనే రాన్రి బిడ్డా, పదకొండు దాటితె ఎండకు నిలబడలేరు. అన్నం ఇక్కడనే.